సెక్షన్ నాలుగు: దుప్పటి

స్పోకేన్‌లో మంచు మొదలైన మంగళవారం
మూడో అంతస్తు కోర్టు హాల్లో
దుప్పటి మీద వాదన.

నేను స్టెనోని.
అన్నది అన్నట్టు ఎక్కించడమే నా పని.
దగ్గులకి నా మెషీన్లో మీటల్లేవు,
నిట్టూర్పులకీ లేవు.

నగరం తరపు లాయరు హోమ్‌క్విస్ట్ గారు
మెత్తగా, ఓపిగ్గా మాట్లాడతారు.
"నిద్ర నేరమని మేమనడం లేదు.
నిద్రకి సామగ్రి సమకూర్చుకోవడం నేరం."
సామగ్రి అంటే? అన్నారు జడ్జి.
గుడారం. పరుపు. అట్టపెట్టె.
ఒక్క క్షణం కాగితం వెతుక్కుని,
దుప్పటి.

అవతలి లాయరమ్మ చిన్నపిల్ల,
కోటు భుజాల దగ్గర వదులు.
"ఆ రాత్రి మైనస్ పదకొండు.
షెల్టర్లో ఖాళీ మంచాలు సున్నా.
దుప్పటి లేకుండా పడుకుంటే చట్టబద్ధం,
తెల్లారి లేవకపోతే అదీ..."
సగంలోనే అభ్యంతరం లేచింది.
అభ్యంతరాన్ని పూర్తిగా ఎక్కించాను.

మంచమున్నంతే కాళ్ళు చాపమంటుంది మా సామెత.
మంచమే లేని కాళ్ళ సంగతి
దానికీ తట్టలేదు.

పూలకొట్టు ఆర్విల్ సాక్ష్యం చెప్పాడు.
రోజూ పొద్దున్నే గుమ్మం ముందు
బకెట్లతో నీళ్ళు కొడతాడట, వాసన పోదట.
కూతురు సిరంజి తొక్కబోయిందట.
"నేను చెడ్డవాణ్ణి కాదండీ" అన్నాడు రెండుసార్లు.
రెండుసార్లూ ఎక్కించాను.

వెనక బెంచీలో లొరెట్టా క్విన్‌బీ,
ఈ కేసు ఎవరి పేరు మీదుందో ఆవిడ.
పందొమ్మిదేళ్ళు స్కూలు బస్సు నడిపిన చేతులు
ఒళ్ళో బోర్లా పెట్టుకుని
హాలు వెచ్చదనానికి కునుకులోకి జారింది.
దుప్పటి లేదు.
ఏ సెక్షనుకీ అందని నిద్ర.
గురక మాత్రం సన్నగా
హోమ్‌క్విస్ట్ గారి వాక్యాల మధ్య కామాల్లా.

బంట్రోతు వెళ్ళి భుజం తట్టాడు. మెల్లిగానే.
కళ్ళు తెరవకముందే ఆవిడ
"పోతున్నా, పోతున్నా,
బూట్లేసుకోనివ్వండి" అంది,
బెంచీ కింద కాలితో వెతుకుతూ.
బూట్లు కాళ్ళకే ఉన్నాయి.

నా వేళ్ళు అప్పటికే ఆ మాట కొట్టేశాయి.
జడ్జి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని,
మళ్ళీ తుడుచుకుని,
"సాక్ష్యం కాదు, రికార్డు నుంచి తొలగించండి" అన్నారు.
తొలగించాను.
తొలగించమన్న మాట మాత్రం అక్కడే ఉంది,
దేన్నో చెప్పకుండా.

తీర్పు వాయిదా.

సాయంత్రం కారు అద్దం మీద మంచు గీకుతుంటే
వెనక సీట్లో కనిపించింది,
ఇంజను మొరాయిస్తే పనికొస్తుందని వేసుకుని
మూడు శీతాకాలాలుగా మడత విప్పని నా దుప్పటి.

ఇంటికెళ్ళే దారి నది వంతెన మీంచే.
కింద నీలం టార్పాలిన్లు, ఒకచోట చిన్న మంట.
సిగ్నల్ దగ్గర ఆగి చూస్తుండిపోయాను.
పచ్చలైటు ఎప్పుడు పడిందో,
వెనకాల ఎవరో హారన్ కొట్టారు.

పోతున్నా, అన్నాను పైకే.
పోతున్నా.