ముప్పావు ఇంచు

ఈ వారం క్యూబిజం.
బల్ల మీద కొంగముక్కు ఇత్తడి కాఫీ కూజా,
మూడు ఖర్జూరాలు, మడతపెట్టిన చేతిగుడ్డ.
"కనిపించేది గీయొద్దు" అంది ఉస్తాదా ఇంతిసార్.
"చుట్టూ తిరిగి, తెలిసింది గీయండి.
అన్ని వైపులూ ఒకే కాగితం మీద."

తిరిగాను.
మూత పైనుంచి సున్నా, పక్కనుంచి గీత,
ముక్కు ఇటు, పిడి ఎటో.
అన్నీ కలిపేసరికి
ఎవరో కూజాను మెట్ల మీంచి తోసేసినట్టుంది.
పక్క ఈజిల్ మీద షమ్సా కూజా
ముక్కలై కూడా కాఫీ ఒలకలేదు.

"విరగ్గొట్టావు, విప్పలేదు" అంది ఉస్తాదా
చివర్లో, నేను బ్రష్షులు కడుక్కుంటుంటే.

రెంటికీ తేడా ఏమిటో
షార్జా బస్సులో రోలా దాకా తేలలేదు.
కిటికీ అద్దంలో నా సగం మొహం,
అందులోంచి లగూన్ నీళ్లు, నీళ్లలో ఓ క్రేను,
చెంప మీదుగా మినారు.
పెన్సిల్ తీసేలోగా వంతెన కిందికి దూరింది బస్సు.
అద్దంలో నేనొక్కదాన్నే.

రంజాన్ చివరి వారం.
బాపు దుకాణంలో తెల్లగుడ్డ తాన్లు నిలువెత్తు.
బోర్డు మీద పేరు కఫీల్‌ది,
లోపల మిషన్ చప్పుడు బాపుది.
బొమ్మకు కూర్చోమంటే
"నేన్ గూసుంటె పండుగ బట్టలు నువ్ గుడ్తవా?" అన్నాడు.
కదిలే మనిషినే గీశాను నాలుగు రాత్రులు:
చక్రం మీద చెయ్యి, కత్తెర మీద అదే చెయ్యి,
సిరిసిల్లలో మగ్గం మీద ఉండిన చెయ్యి కూడా అదే,
ఫోన్‌ను భుజానికి అదిమిపట్టిన మెడ,
పళ్ల మధ్య పిన్నులు,
గుండీల డబ్బాలో వెతికే ఒక కన్ను.

చాయ్ గ్లాసుతో వచ్చి చూశాడు.
చాలాసేపు చూశాడు.
"నేనేనా?"
నవ్వలేదు. మెడలోంచి టేపు తీసి కాన్వాసు మీద పెట్టాడు.
"భుజానికీ చేతికీ నడుమ కుట్టుకేది జాగ?
ముప్పావు ఇంచన్న ఇడ్వాలె బిడ్డా.
గిట్లయితె తొడుక్కోంగనె పిగులుతది."

ఆ మాట మీదే ఎవరిదో పాత కందూరా ముందేసుకుని
బ్లేడు పట్టాడు. వదులు చేయాలట.
"గుంజితె చినుగుతది. ఇప్పాలె."
ఒక్కో దారం తెగుతున్న చిన్న శబ్దం.
వెనక భాగం, ముందు భాగం, రెండు చేతులు,
చంకల కింది తునకలు, మెడపట్టీ.
ముందూ వెనకా దాచుకోకుండా
ఒక మనిషి బల్ల మీద పరుచుకున్నాడు.
ఆరేళ్లప్పటి నుంచీ
ఆ బల్ల కిందే హోంవర్కు చేసుకున్నాను నేను.
ఒక్కసారీ పైకి లేచి చూడలేదు.

కాన్వాసంతా గీకేశాను.
ఈసారి ముక్కకూ ముక్కకూ మధ్య
సన్నగా ఉత్త గుడ్డ వదిలాను.

"ఈ తెలుపేమిటి?" అడిగింది ఉస్తాదా.
కుట్టు అన్నదానికి అరబీ మాట
సమయానికి నోటికి రాలేదు.
నా చేతి అంచు తిరగేసి చూపించాను.
లోపల బాపు నీలి సుద్ద గీత,
ఉతుకులకు సగం పోయి సగం మిగిలి.
ఆమె కళ్లద్దాలు పైకి నెట్టి దగ్గరికి వంగింది.

ఎడమ కన్ను మాత్రం ఇంకా కుదర్లేదు.
గుండీల డబ్బాలోనే ఉంది.