ఒక బాతు తక్కువ

శనివారం, ఇంకా ఆరున్నరే.
వంటింట్లో ఒంటికాలి మీద నిలబడి
రబ్బరు బూటు తొడుక్కుంటోంది మాబ్లి.
రెండో బూటు కుక్క నోట్లో ఉంది.
గెథిన్ ఫ్లాస్కులు నింపుతూ చెయ్యి కాల్చుకున్నాడు.
గుమ్మంలో మామగారు ఎమ్రిస్,
పోటీకి పెంచిన ఉల్లిగడ్డను
చంటిబిడ్డలా తువ్వాల్లో చుట్టుకుని,
"కార్లో దీనిమీద ఎవరైనా కూర్చున్నారో..."
మాట పూర్తి చెయ్యలేదు. అక్కర్లేదు కూడా.

వారమంతా నేను బస్సు నడుపుతాను.
ఎవరెక్కడ దిగాలో వాళ్ళే గంట కొడతారు.
శనివారం గంటలుండవు,
అందర్నీ గుర్తుపెట్టుకుని దింపాలి:
ఉల్లిగడ్డతో సహా మామగారిని డేరా దగ్గర,
ఫ్లాస్కుల్ని చాపెల్ హాల్లో,
మమ్మల్ని మేము ఏటి ఒడ్డున.

చిన్న ఏరు. వేల్స్ పటంలో వెంట్రుకంత.
వానొచ్చిందంటే మాత్రం
తనకూ ఓ సముద్రం ఉందని గుర్తొస్తుంది దానికి.

పదిహేడు మందిమి, తలా ఒక పట్టకారు.
సగం గిటారు. ట్రాఫిక్ కోను. ఎవరివో కట్టుడుపళ్ళు
(నెస్టా గారు గబుక్కున నోరు తడుముకున్నారు, తనవి కావు).
ఒక సీసా,
గురువారం నా బస్సు వెనకసీట్లో కుర్రాడు తాగిందేనని
ఒట్టేసి చెప్పగలను.
మాబ్లి ప్లాస్టిక్ ముక్కల్ని గట్టిగా లెక్కపెట్టింది,
వంద దాటాక గొణిగింది,
మూడొందల దగ్గర మానేసింది.
తొమ్మిదేళ్ళ పిల్ల ఊరుకుంటే
ఏటి చప్పుడు పెద్దదవుతుంది.

మధ్యాహ్నం రగ్బీ మైదానం నిండా తిరనాళ్ళు.
ఉన్ని కత్తిరించేవాడి మోకాళ్ళ మధ్య
గొర్రె ఒకటి మంగలి కుర్చీలో పెద్దమనిషిలా కూర్చుంది.
పెనం మీద తీపిరొట్టెల వాసన, తడిగడ్డి, డీజిలు.
మామగారికి రెండో బహుమతి.
మొదటిది హెవిన్‌ది, ఎదురింటాయన.
పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు,
ఎరువు బండి మాత్రం ఒకటే.

మూడింటికి వంతెన మీంచి
ఆరొందల పసుపుపచ్చ బాతుల్ని
గోనెలతో ఏట్లో కుమ్మరించారు.
బాతుకో పౌను, హాలు కప్పు బాగుచెయ్యడానికి.
జనం కేకలు. మాబ్లి నావైపు తిరిగింది.
"పొద్దున తీశాం కదమ్మా."
"ఇవీ తీసేస్తాం."
"అన్నీ?"
"అన్నీ" అన్నాను,
చిల్లర లెక్కపెట్టకుండా జేబులో వేసుకున్నట్టు.

వలలో పడ్డవి ఐదొందల తొంభైతొమ్మిది.
నాలుగువందల పదిహేడో నంబరు రాలేదు.
అమ్ముడుపోని టికెట్టు, ఎవరికీ నష్టం లేదని
కార్యదర్శి పెన్ను మూత పెట్టేశాడు.
రంగులరాట్నం దీపాలు వెలిగాయి, చిప్స్ దగ్గర వరస కదిలింది.
మాబ్లి మళ్ళీ బూట్లు తొడిగింది,
ఈసారి రెండూ.

తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లను వెతికినట్టు
ఒడ్డు వెంట నలుగురం, కుక్కా.
వెనక టార్చి వెలుగు. తిరిగి చూస్తే హెవిన్.
"ఎడమపక్క వేళ్ళ కింద చూడు, ఎమ్రిస్."
పదకొండేళ్ళ తర్వాత మొదటి వాక్యం, బాతు గురించి.
మామగారు ఎడమపక్కే చూశారు.

ఆల్డర్ చెట్టు వేళ్ళలో దొరికింది ఒకటి.
తెల్లగా వెలిసిపోయి, ముక్కు నాచుపట్టి.
నంబరు లేదు. నిరుడిదో, ముందటేడుదో.
"ఆరొందలు! లెక్క సరిపోయింది" అన్నాడు గెథిన్,
చిప్స్ మీద ఆశ చావక.
మాబ్లి దాన్ని బొటనవేలితో తుడిచి,
"ఇది అది కాదు" అంది.
జేబులో మాత్రం వేసుకుంది.

చిప్స్ అయిపోయాయి. ఇంట్లో బ్రెడ్డు కాల్చుకుని తిన్నాం.
రెండో బహుమతి ఉల్లిగడ్డను కొయ్యనివ్వలేదు మామగారు.

సోమవారం ఏడూ పదికి
వంతెన మీద నా కాలు తనంతట తనే బ్రేకు నొక్కింది.
అక్కడ స్టాపు లేదు. ఎవరూ గంట కొట్టలేదు.
అద్దంలో వెనకసీటు కుర్రాడు
చెవుల్లోంచి తీగలు తీసి,
కిటికీకి ముఖం ఆనించి, కిందికి చూస్తూ
"దొరికిందా?" అన్నాడు.