టిం

మహేంద్రతనయకి అవతలి గట్టు పాతపట్నం,
ఇవతలి గట్టు మా పర్లాకిమిడి.
నాది ఆ గట్టు మాట, కుముదినిది ఈ గట్టు మాట.
మా సుభద్రకి నాలుగేళ్ళొచ్చినా
ఏ గట్టు మాటా రాలేదు.

"రెండు భాషలు పోసి పిల్ల గొంతు పూడ్చేశారు,
ఒకటి ఆపండి" అన్నాడు ఒక మేస్టారు.
ఏది ఆపాలో ఎవరూ అడగలేదు.
ఇల్లు మా అమ్మది.
కుముదిని ఆపింది.

ఎనిమిది నెలలు
కన్నబిడ్డతో అరువు తెలుగులో మాట్లాడింది.
అన్నం తిను. చెప్పులేసుకో. ఇటు చూడు.
అరువు మాటలో ఆజ్ఞలు తప్ప ఇంకేం వస్తాయి?
రాత్రి పిల్ల నిద్రపోయాక
బిందెలోకి వంగి ఒడియాలో ఏదో అనుకునేది.
నేను విననట్టు అటు తిరిగి పడుకునేవాణ్ణి.

తాయెత్తు కట్టాం. తెంపేసింది.
దారం మెడని కోస్తోందని చెప్పడానికి
తెంపడమొకటే ఆ గుంటకి తెలిసిన మాట.
మాకది మొండితనంలా కనబడింది.

నాది కొమ్ము పని.
దున్నకొమ్ముని నిప్పు మీద కాచి, వంచి,
ఆకురాయితో రాసి కొంగల్ని చేస్తాను.
ఆకురాయి కొమ్ము మీద పడిందా,
సుభద్ర చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకునేది.
పెంకి అన్నాం.
ఒకసారి వీపు మీద కొట్టాను.
ఈ వాక్యం రాయకుండా మిగతాది రాయకూడదనుకున్నాను,
ఇక్కడిదాకా వచ్చాక గానీ రాయలేకపోయాను.

బరంపురంలో డాక్టరమ్మ గంటన్నర సేపు
నేల మీద కూర్చుని దాంతో ఆడింది.
ఆటిజం అంది.
"మందుతో పోయేది కాదు, మీ తప్పుతో వచ్చిందీ కాదు.
ఆకురాయి మీకు చప్పుడు, దానికి దెబ్బ."
భాష సంగతి అడిగితే విసుక్కుంది.
"ఎవరన్నారు ఆపమని?
తల్లికి ఏ మాటలో నవ్వొస్తే ఆ మాటే మాట్లాడాలి."

తిరుగు బస్సులో కుముదిని నోరు మూయలేదు.
కిటికీలోంచి పోయే ప్రతి మేకనీ, జీడిచెట్టునీ
ఒడియాలో పలకరించింది.
కండక్టరు నవ్వాడు.
సుభద్ర తల్లి వైపు చూడలేదు,
తల్లి గొంతు మీద, మాట కదిలే చోట
ఒక వేలు ఆనించి కూర్చుంది
ఊరొచ్చే దాకా.

ఇప్పుడు ఆకురాయి పని పెరటి చివరి పాకలో,
అది బడికెళ్ళిన పూట.
కొంగ మెరుగెక్కాక ముందు దాని చేతికే ఇస్తాను.
మెడ వంపు దగ్గర వేలు ఆగిందంటే
అక్కడ గరుకుంది.
నా కంటికి ఆనదు. మళ్ళీ రాస్తాను.

"కొమ్మునే వంచేవాడివి, పిల్లని వంచలేవా?"
అంటాడు మా బావ.
అది కొమ్ము కాదు బావా.

పోయిన వానాకాలం, ఒక మధ్యాహ్నం
స్టీలు గ్లాసుని గోటితో మీటి
టిం
అంది.
నీళ్ళు కాదు, పాణి కాదు, టిం.
తెలుగు తప్ప ఎరగని మా అమ్మ
"గుంటకి దాహమేస్తందిరా" అని
చెంబు తన్నుకుంటూ పరిగెత్తింది.
ఆ రోజు దానికి పదకొండు గ్లాసులు పోశాం.
మూడు తాగింది. మిగతావి మమ్మల్ని మెప్పించడానికేమో,
మీటి వదిలేసింది.
ఇంట్లో ఇప్పుడు అందరం టిం అనే అంటాం.

మొన్న పాతపట్నంలో పెళ్ళిభోజనం.
ముద్ద గొంతుకడ్డం పడి
వడ్డించే కుర్రాణ్ణి కేకేశాను,
"తమ్ముడూ, కాస్త టిం!"
వాడు బూరెల పళ్ళెం వైపు చూసి
సాంబారు బకెట్టు వైపు చూసి
నిలబడిపోయాడు.
పక్క విస్తరి ముందు
మేళం పడక చెవుల్లో దూది పెట్టుకున్న సుభద్ర
నా వైపు చూడకుండానే
తన గ్లాసు జరిపింది.