టార్చి సెల్లులు

కళింగపట్నంలో మా కొట్టు మెరైన్ స్టేషనుకి ఎదురు.
ఈ నెలా జీతాల్లేవట.
అసెంబ్లీలో పద్దేదో ఆగిపోయిందని
హోంగార్డు తవిటినాయుడు గొణిగాడు.

"ఓటాన్ ఎకౌంటంట పిన్నీ, అది పాసయితే గానీ దిగవంట."
నాకు తెలిసిన ఎకౌంటు ఒకటే,
అట్ట చిరిగిన అరువు పుస్తకం.
రాశాను: బియ్యం అయిదు కిలోలు, ఉల్లిపాయలు,
పిల్లకి బిస్కట్లు, టార్చికి మూడు సెల్లులు.
సెల్లులు సర్కారియ్యాలి కదరా అంటే
"సర్కారిప్పుడు నీ కొట్లోనే ఉంది" అని నవ్వాడు.

గస్తీ బోటుకి డీజిలు లేదు,
పొదుగెండిన గేదెలా కట్టేసిన చోటే ఊగుతోంది.
అయినా రాత్రి పదయ్యేసరికి
చెప్పులు చేత్తో పట్టుకుని
వంశధార మొగ దాకా నడుస్తాడు,
టార్చి వెలుగు ముందు, వాడు వెనక.

నిన్న వాయుగుండం గాలి. నిద్రపట్టక కిటికీ తీశాను.
దూరంగా ఆ చుక్క
ఆగింది. సముద్రం వైపు తిరిగింది.
మళ్లీ నడిచింది.

పొద్దున్నే పుస్తకం తీసి
సెల్లుల దగ్గర వాడి పేరు కొట్టేశాను.
ఎవరి పేరు రాయాలో తెలీలేదు.
కాసేపు పెన్ను పట్టుకు కూర్చుని
నా పేరే రాసుకున్నాను.