కాగితం రుమాలు మీద చుక్క

బండి కడిగి పెట్టాడు రోలండ్ పిబస్.
టైర్లకు కూడా నలుపు పూశాడు.
బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది.
"చల్లగా ఉంచమన్నాను కదా ఫోన్లో" అంటే
"పాల కోసం వెళ్ళొచ్చా" అన్నాడు.
పాల దుకాణం వాళ్ళ గేటుకి ఎదురుగానే ఉంది.

సరే, ఆగుతాను.
తేనెటీగల వాళ్ళకి కాచుకోవడం కొత్త కాదు.
హ్యువాన్ నది మీద పొగమంచు విడిపోయేదాకా
అతని వరండా మెట్టు మీద కూర్చుని
నా ఫ్లాస్కులో టీ నేనే తాగాను.

"ఈ బండి ఎప్పుడూ ఏదీ లాగలేదమ్మా,
పదకొండేళ్ళూ నన్నూ నా కుక్కనీ తప్ప."

అబద్ధమైనా అతికినట్టుండాలంటారు.
వెనక ట్రైలర్ తగిలించే గుండు
అరిగి అరిగి అద్దంలా ఉంది.
ఊరికే కూర్చున్న ఇనుముకి తుప్పొస్తుంది గాని
నునుపు రాదు.

ముందు రివర్స్ గేరు.
లివర్ జరిపి లెక్కపెట్టాను: ఒకటి...
రెండు అనేలోపే పట్టుకుంది.
మా పాత బండి నాలుగుదాకా ఆలోచించేది.
ఐదో అంకె దగ్గర నిరుడు చచ్చిపోయింది,
నడిరాత్రి, ఎగువలో, ముప్పై ఆరు పెట్టెలతో.
తెల్లారితే ఈగలు లేస్తాయని
నేనూ కోర్మాకూ తడి గోనెలు కప్పుతూనే ఉన్నాం.
ఈ చదువంతా ఆ రాత్రి చెప్పిందే.

తరవాత గేర్‌బాక్స్ నూనె.
కొలకడ్డీ తీసి కాగితం రుమాలు మీద ఒక చుక్క.
కాలిన నూనైతే గోధుమరంగు వలయం గీస్తుంది,
అడుగంటిన పాలగిన్నె వాసనేస్తుంది.
ఇది ఎరుపు. మరీ ఎరుపు.
మొన్న పోసిన నూనె మొన్నటి మాటే చెబుతుంది.
అంతకుముందు లక్షా ఎనభై వేల కిలోమీటర్ల మాట ఎవరు చెప్పాలి?

రోడ్డు మీద, ఎనభై దగ్గర, కాలు తేలిగ్గా ఆనించాను.
జబ్బుంటే అక్కడే బయటపడుతుంది:
నున్నటి తారు కింద ఎవరో కట్టెపుల్లలు పరిచినట్టు
సీటులోంచి వెన్నులోకి సన్నటి వణుకు.
రాలేదు.
తగ్గించి, మళ్ళీ ఎక్కించాను. రాలేదు.
పక్క సీట్లో పిబస్ ఊపిరి బిగబట్టాడు
నాకన్నా తనకే నమ్మకం లేనట్టు.

తిరిగొచ్చి ముందు జాలీలోకి టార్చి వేశాను.
రేడియేటరు ముందు ఇంకో చిన్న పలక,
విడిగా కొని బిగించిన ఆయిల్ కూలర్.
"కుక్కని లాగడానికా ఇది?"

నేల చూశాడు. ఇంట్లోకెళ్ళాడు.
నూనె మరకల నోటు పుస్తకం తెచ్చాడు.
"బడిపిల్లల రోయింగ్ పడవలు. తొమ్మిదేళ్ళు, శనివారం శనివారం.
లాగిన బండంటే ఎవరూ కొనరని
మా బావమరిది..."

ప్రతి నలభై వేలకీ నూనె మార్పు,
తారీఖు, పిన్ను పెట్టిన రశీదు.
ఒక పేజీలో, పెన్సిలుతో:
"కొండ మీద వాసన. ఆపాను.
పిల్లలు అరటిపళ్ళు తిన్నారు.
చల్లారాక కదిలాం."

ఆ మూడు ముక్కలకే బండి కొన్నాను.
ముందే చెప్పుంటే అడిగినంతా ఇచ్చేదాన్ని.
పాల అబద్ధానికి రెండు వందలు,
కుక్క అబద్ధానికి మూడు వందల డాలర్లు
తగ్గించి లెక్కపెట్టాను. అతను నవ్వలేదు.
పుస్తకం మాత్రం ఇవ్వడానికి కాస్త తటపటాయించాడు.

బ్రోషరు మూడున్నర టన్నులంటుంది.
బ్రోషరు కొండెక్కదు.
నేను రెండు దాటనివ్వను.

నిన్న రాత్రి లెదర్‌వుడ్ పూలకి బయల్దేరాం.
ఎగువలో పైగేరు కోసం తడుముకోనీకుండా
మూడులోనే పట్టి ఉంచాను.
వెనక ముప్పై ఆరు పెట్టెల్లో హోరు,
కాళ్ళ కింద ఇంకొకటి,
ఏది ఏదో చాలాసేపు తేలలేదు.
కోర్మాక్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.
నేను అద్దం దించి
వాసన చూస్తూనే ఉన్నాను.