కింటాలుకు మూడు కిలోలు

శ్రావణంల ఒక రాత్రి ప్రాణహిత
ఒడ్డు మర్చిపోయింది.
అవతలి గడ్డ మీద తెలుగు బోర్డులు,
మా గడ్డ మీద మరాఠీ బోర్డులు,
నది రెండూ చదవలే.

ధర పెరుగుతదని ఆపిన మిర్చి బస్తాలు
గోదాముల ఉన్నకాడనే నానినయి.
నీళ్లు దిగినంక గోడకు నడుమెత్తున ఎర్రగీత.
వారం దినాలు
వాడ వాడంత తుమ్మింది.

నేను కొనేటోణ్ని.
సిరొంచ నుంచి అంకీస దాక
ఎవల కల్లంల ఎన్ని బస్తాలు తేల్తయో
వాళ్లకన్న ముందు నాకెరుక.
నా కాంటా గుండు కడుపుల
తులమున్నర సీసం పోయించి పెట్టిన.
అంతే.
కింటాలుకు మూడు కిలోలు.
పాపమనిపించలే ఏనాడు,
రవాణా ఖర్చు అనుకున్న.

ఆదివారం రేకుల గుడిల ముందు వరస నాదే.
కానుక సంచిల నోటును మడవకుండ వేసేటోణ్ని,
పది మంది చూడాలె గద.

బడి వరండాల పండుకున్న మూడో నాడు
తలాఠీ వచ్చి పంచనామా రాసిండు.
నష్టమెంత అని అడిగితె
ఉన్నదానికి రెండింతలు చెప్పిన.
ఇల్లు పోయింది గని
నాలిక మునగలే.

మా సంఘంల ఆడోళ్లకు ఒక పద్ధతి.
ఎసట్ల బియ్యం పోసే ముందు
ఓ పిడికెడు తీసి వేరే కుండల వేస్తరు, ప్రభువు పేర.
మునగని మెరక ఇండ్ల నుంచి
ఆ కుండలన్ని బడికాడికి వచ్చినయి.
గోమాస రాహేలమ్మ పంచుతున్నది.
ఆమె కల్లం మీద ఏడేండ్లు కాంటా పెట్టినోణ్ని నేను.

నా వంతు వచ్చింది.
గిద్దె లేదు, మానిక లేదు.
దోసిలి పట్టుమన్నది.
నిండింది. ఆపలే.
వేళ్ల సందుల నుంచి జారి బురదల పడుతుంటె
పోస్తనే ఉన్నది.
"పిల్లలెందరు?"
అదొక్కటే అడిగింది.

నిండి పొర్లే కొలత గురించి
గుడిల ఎన్నిసార్లు విన్ననో.
అప్పటి దాక అది
నాకు రావలసిన లాభం ముచ్చటనే అనుకున్న.

ఆ బియ్యం వండుకొని తిన్నం.
గొంతుకేం అడ్డం పడలే, ఆకలి అసొంటిది.
రాత్రే,
బడి గంట కింద ఒరిగినప్పుడు,
నా రెండు చేతులు నాకు అసయ్యమైనయి.

గుడిల ఒండ్రు ఎత్తిపోసినంక మొదటి ఆదివారం
లేచి నిలబడి సీసం సంగతి చెప్పిన.
ఎవలు ఏడ్వలే.
ఎవలు వచ్చి అలుముకోలే.
ఏలియా పాస్టరు కండ్లద్దాలు తుడుస్తనే ఉన్నడు.
ఎనక నుంచి రాహేలమ్మ గొంతు:
"కింటాలుకెంత?"
"మూడు కిలోలు."
వేళ్ల కణుపుల మీద లెక్క పెట్టింది,
ఏడాదికి పన్నెండు కింటాళ్లు, ఏడేండ్లు.
"రెండు కింటాళ్ల యాభై రెండు కిలోలు.
ఇది నా వంతు.
మిగిలినోళ్లు వాళ్లది వాళ్లు చెప్తరు."
అని, పాట ఆమెనే ఎత్తుకున్నది,
రాగం ఎటు పోయినా.

ఇది మూడో ఏడు.
ఆమె లెక్కల ఇంక నలభై కిలోలున్నది.
జక్కయ్య నాలుగంతలిస్తనన్నడు,
నాకు ఒక్కంతకే నడుము వంగింది.
జాడి సుగుణమ్మ ఇంక నాకు అమ్మదు.
అడగలేదు నేను.

సీసాన్ని రాహేలమ్మ మనుమడు అడిగి తీస్కపోయి
వల అంచుకు కట్టుకున్నడు.
వాడు తెచ్చిన బొచ్చె
మా ఇంటామె కొంటది,
తూకం తనే చూసుకుంటది.

ఇప్పటికి కాంటా ముందు కూసుంటె
నా చిటికెన వేలు
దానంతటదే గుండు దిక్కు పోతది.
"ప్రభువా" అంట,
వేలును ఇంకో చేత్తో పట్టుకుంట.
ముల్లు ఊగి ఊగి ఆగే దాక
కల్లంల ఎవలు మాట్లాడరు.