చీమలు

"కాళ్ళ మీద సీమలు పాకతన్నాయప్పా" అన్నాడు తమ్ముడు ఎల్లాజీ
జాలరిపేట ఇసుకలో వల చిక్కులు తీస్తూ, కార్తీకంలో.
దులిపి చూశాను. చీమల్లేవు.
ఉప్పు చారలు, గాజుపెంకు కోసిన పాత గాటు, అంతే.

చినవాల్తేరు ఆసుపత్రిలో చెప్పాను.
పదకొండేళ్ళుగా మాకు తెలిసిన బల్ల, తెలిసిన ఫ్యాను రొద.
డాక్టరుగారు మంచివారే. మా వెనక అరవై మంది.
"లేని గొంతులు వినేవాడికి
లేని చీమలు పాకడం వింతేం కాదమ్మా" అన్నారు.
రాత్రి మాత్ర ఒకటి కాస్తా ఒకటిన్నర అయింది.

ఆ అర మాత్ర ఏం చేసిందో చెబుతాను.
గొంతులు తగ్గాయి. ఇది నిజం, దాచను.
రాత్రి రెండింటికి వంటింట్లో గిన్నెల చప్పుడు మొదలైంది.
చద్దన్నం, మర్నాటికని దాచిన కవ్వళ్ళ పులుసు,
పిల్లదాని బిస్కెట్లు, ఆఖరికి డబ్బాలో ఉత్త పంచదార.
తినడం కాదది. లోపల్నించి ఎవరో చెయ్యి చాపుతుంటే
అందిస్తున్నట్టు.
లుంగీ ముడి నిలవనంత పొట్ట.
"ఎల్లాజీ కోలుకున్నాడు, ఒళ్ళు చేశాడు" అంది పేట.
నేనూ మురిసాను.

మాఘంలో ఒక తెల్లారి
పెరట్లో, వాడు రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేచెళ్ళే తూము పక్కన,
బారు.
ఎర్రగా, ఎవరో దారం పరిచినట్టు,
గోడ కన్నంలోంచి తూము దాకా.
నిజం చీమలు.
శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు.
ఇవి ఎవరి ఆజ్ఞ మీద వచ్చాయో గాని
పదకొండేళ్ళ ఫైలు చెప్పని మాట చెప్పాయి.

కేజీహెచ్‌లో అంకె నాలుగు వందల పన్నెండు.
"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అని అరిచిన కుర్ర డాక్టరమ్మ
పాత ఫైలు అట్ట చూసి గొంతు తగ్గించింది,
వాణ్ణి అడగాల్సినవి నన్నడిగింది.
"ఇతనికి అర్థమవుతుందా?"
"సీమలని ముందే సెప్పేనండి" అన్నాడు వాడు, గోడకేసి చూస్తూ.
ఆవిడ నైలాను పోగొకటి తీసి వాడి అరికాలికి ఆనించింది.
బుద్ధెరిగాక నైలాను దారం పట్టని రోజు లేదు వాడికి.
"తెలుస్తోందా?"
"ఏటండి?"

ఇప్పుడు రెండు ఫైళ్ళు.
మెడకి పైన ఒకటి, మెడకి కింద ఒకటి.
అక్కడి మాత్ర ఇక్కడి సుగరు పెంచుతుంది,
ఇక్కడి చీటీ అక్కడెవరూ విప్పరు.
నడుమ బీచి రోడ్డు, ఆటోలో నేను, ఒళ్ళో రెండూ.
ఆ మాత్రే మానిపించేద్దామా అనుకున్న రాత్రి ఉంది నాకు.
మానేసిన ఏడు గుర్తొచ్చింది.
అర్ధరాత్రి తెప్పెక్కి, పిలుస్తున్నారంటూ,
తెడ్డు కూడా లేకుండా నీళ్ళలోకి వెళ్ళిపోయాడు.
మాత్ర వాడి చేతిలో పెట్టాను.

సూదికి మొదట్లో ఒప్పుకోలేదు.
"నా రగతం సుక్క ఎవులికి పంపతన్నావు?"
ఎవరికీ కాదంటే నమ్మే జబ్బు కాదది.
అందుకే ముందు నా వేలు గుచ్చుకుంటాను.
నా అంకె వాడు చదువుతాడు, వాడి అంకె నేను.
రెండూ తలుపు వెనక సుద్దతో రాస్తాడు,
వేట లెక్క రాసినట్టు.
"ఈయేళ నీకు తక్కువ పడిందప్పా" అని నవ్వుతాడు.
పంచదార డబ్బాకి ఒకరోజు తాళం వేశాను.
వాడు ఆ తాళం కేసి చూసిన చూపు
ఆసుపత్రి గేటు దగ్గర చూసిందే. తీసేశాను.
కొన్ని రాత్రులు ఇంకా గిన్నెలు మోగుతాయి.
నేను లేచి పక్కన కూర్చుని, కీరకాయ కోస్తాను.
తిడతాడు. తింటాడు.

నిన్న చినవాల్తేరులో అదే బల్ల ముందు
రెండో ఫైలు మొదటి ఫైలు మీద పెట్టాను.
"ఇది కూడా చూడాలండి."
వెనక అరవై మంది. నేను జరగలేదు.
డాక్టరుగారు కాగితాలు తిప్పారు, మళ్ళీ వెనక్కి తిప్పారు.
కళ్ళద్దాలు తీసి, నన్ను కాదు, ఎల్లాజీనే అడిగారు:
"చీమలు ఇంకా పాకుతున్నాయా?"
"మోకాలి దాకా అండి."

రాసుకున్నారు.